ఒక్క సాయంత్రంలో కాలిపోయిన పని

1812 మార్చి 11, బుధవారం. కలకత్తాకు ఎగువన, హుగ్లీ నది పడమటి గట్టున ఉన్న సెరంపూర్. పొద్దుగూకే వేళ మిషన్ అచ్చు కార్యాలయంలో ముద్రణ పనులు చూసే విలియం వార్డ్ ఇంకా తన బల్ల దగ్గరే ఉన్నాడు. కాగితాలు నిలవ చేసే గది వైపు నుంచి పొగ వచ్చింది. వెళ్ళి చూస్తే లోపల అంటుకుని ఉంది. వార్డ్, తోటి మిషనరీ జాషువా మార్ష్‌మన్, మిగతావాళ్ళు కలిసి గాలి చొరకుండా తలుపులూ కిటికీలూ బిగించేశారు. కప్పు మీదకెక్కి కన్నం చేసి నీళ్ళు పోశారు. గంటల తరబడి మంటను అలా అణిచిపెట్టారు. ఇక ఆరిపోతుందిలే అనుకుంటుండగా ఎవరో పాపం సాయం చేద్దామనే ఒక కిటికీ తెరిచారు. గాలి సోకగానే మంట భగ్గుమంది. అర్ధరాత్రికి కప్పు కూలిపోయింది.

ఆ గదుల్లో 14 ప్రాచ్య భాషల సీసపు అక్షరాలు ఉండేవి. రీముల కొద్దీ కాగితం, బైబిలు అనువాదాల రాతప్రతులు, అనేక భాషల మాటలను పక్కపక్కన పెట్టి కూరుస్తున్న పెద్ద నిఘంటువు, ఇంకా పూర్తికాని వ్యాకరణాలు ఉండేవి. మన తెలుగు అక్షరాలూ అక్కడే ఉన్నాయి. ఆ మిషన్‌ను నడిపిస్తున్న ఇంగ్లండు బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం ప్రతి కూడా ఆ రాత్రే కాలిపోయింది.

కేరీ అప్పుడు కలకత్తాలో ఉన్నాడు. మర్నాడు మార్ష్‌మన్ వెళ్ళి కబురు చెప్పాడు. సాయంత్రానికి థామసన్ అనే చర్చి గురువును వెంటబెట్టుకుని వచ్చి కేరీ ఆ శిథిలాల్లో నడిచాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఏళ్ళ శ్రమ ఒక్క సాయంత్రంలో పోయిందన్నాడు. ఆ తర్వాత అన్న మాటను థామసన్ రాసిపెట్టాడు. కొన్ని పనులను తన శక్తి కొద్దీ నిండుగా తీర్చిదిద్దుకున్నాననీ, ఆ మిషన్‌ను చూసుకుని బహుశా కాస్త ఎక్కువగానే మురిసిపోయాననీ, ఇకనైనా సూటిగా తన వైపే చూడమని ప్రభువు తనను నేల మీదకు దించాడనీ కేరీ అన్నాడట.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. క్రైస్తవులం మాటకు ముందు ‘నా బలం కాదు, దేవుని బలం’ అంటుంటాం. ప్రార్థనలో అంటాం, సాక్ష్యంలో అంటాం, ఉద్యోగం వచ్చినా పెళ్ళి కుదిరినా అంటాం. ఆ మాటకు అసలు అర్థమేమిటో, బతుకులో అది ఎలా కనబడుతుందో తెలుసుకోవడానికి సెరంపూర్‌ను మించిన చోటు నాకు దొరకలేదు. మాది ఒంగోలు దగ్గర పల్లె. గార్డెన్‌రీచ్‌లోని సౌత్ ఈస్టర్న్ రైల్వే ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పిల్లలు ఇక్కడే స్థిరపడ్డారు కాబట్టి నేనూ, మా ఆవిడా కోల్‌కతాలోనే ఉండిపోయాం. హౌరాలో బండెల్ లోకల్ ఎక్కితే ముప్పావు గంటలోపే సెరంపూర్. స్టేషన్ దగ్గర టోటో (బ్యాటరీ రిక్షా) ఎక్కి కాలేజీ అంటే నది ఒడ్డుకు తీసుకెళ్తారు. ఎత్తైన స్తంభాలతో తెల్లటి పెద్ద భవనం. మన ఊళ్ళలో పాస్టర్ల పేర్ల పక్కన కనబడే బి.డి. డిగ్రీకి మూలం అదే. హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో చదివినవాళ్ళకు కూడా పట్టా ఇచ్చేది సెరంపూర్ సెనేటే. 1818లో పెట్టిన ఆ కాలేజీకి 1827లో డెన్మార్కు రాజు డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చాడు. ఆ ఊరు అప్పట్లో డేనిష్ వాళ్ళది.

సాయంత్రం ఆరు గంటలకు తెలుగు పాఠం

దేవుని మీద ఆధారపడటమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని చాలామంది అనుకుంటారు. బయటివాళ్ళు అలా అనుకుని తప్పుపడతారు, లోపలివాళ్ళలో కొందరు అలా అనుకుని పని మానేస్తారు. ఇద్దరికీ కేరీ గడిపిన ఒక రోజును చూపించాలి.

1806 జూన్‌లో ఆయన ఇంగ్లండులోని స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, తీరిక లేక ఆలస్యమైందని చెప్పుకోవడానికి ఒక రోజంతా ఏం చేశాడో వరసగా రాశాడు. తెల్లవారి ఆరుకు పావుగంట ముందే లేవడం. హీబ్రూ బైబిల్లో ఒక అధ్యాయం, ఏడింటి దాకా ఏకాంత ప్రార్థన. తర్వాత ఇంట్లోవాళ్ళతో, పనివాళ్ళతో బెంగాలీలో కుటుంబ ప్రార్థన. టీ పోస్తున్నంతసేపూ మున్షీతో పారశీకం. ఫలహారానికి ముందు హిందూస్తానీ. ఫలహారం కాగానే పండితుడితో సంస్కృత రామాయణం అనువాదం. పదింటి నుంచి కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాలు. తిరిగొచ్చాక యిర్మీయా గ్రంథం బెంగాలీ ప్రూఫు దిద్దడం. భోజనం తర్వాత కాలేజీ ప్రధాన పండితుడితో మత్తయి సువార్త సంస్కృతంలోకి. ఆరు గంటలకు తెలుగు పండితుడి దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకోవడం. ఏడున్నరకు నలభై మంది ముందు ప్రసంగం. తొమ్మిదికి వాళ్ళు వెళ్ళిపోయాక పదకొండు దాకా యెహెజ్కేలు గ్రంథం బెంగాలీలోకి. ఆ తర్వాత ఈ ఉత్తరం. చివరికి గ్రీకులో ఒక అధ్యాయం చదివి, తనను దేవుని చేతికి అప్పగించుకుని నిద్ర.

ఇంత పని చేసేవాడు ‘నాదేమీ లేదు’ అంటే నమ్మబుద్ధి కాదు. అయితే బైబిల్లో పౌలు రాసిన పత్రికల్లో కూడా ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. కొరింథీయులకు రాస్తూ ఆయన తాను మిగతా అపొస్తలులందరికంటే ఎక్కువ కష్టపడ్డానంటాడు. ఆ వాక్యంలోనే కష్టపడింది తాను కాదనీ, తనకు తోడున్న దేవుని కృపేననీ అంటాడు. ఆయన లెక్కలో కష్టం తగ్గలేదు. ఆ కష్టానికి యజమాని మాత్రం మారాడు. రెండో పత్రికలో తన శరీరంలోని ఒక ముల్లు గురించి చెప్తాడు. తీసెయ్యమని మూడుసార్లు ప్రభువును వేడుకున్నాడు. ముల్లు పోలేదు. బలహీనతలోనే తన శక్తి నిండుగా కనబడుతుందన్న జవాబు వచ్చింది. ఆ ముల్లు ఏమిటో పౌలు చెప్పలేదు. చెప్పకపోవడమే మేలైంది. రోగమున్నవాడూ, అప్పున్నవాడూ, అవమానం మోస్తున్నవాడూ తన ముల్లును అక్కడ పెట్టి చదువుకోగలుగుతున్నాడు.

పోతన గజేంద్రమోక్షం తెలిసిన తెలుగు పాఠకులకు ఈ భావం కొత్తదేమీ కాదు. మొసలితో పోరాడి పోరాడి ఒంట్లో సత్తువ ఉడిగిన ఏనుగు పెట్టిన మొర ఏ మతంవాళ్ళనైనా కదిలిస్తుంది. పౌలు దానికి చేర్చేది ఒకటుంది. సత్తువ ఉడిగాక పెట్టే మొరతో కథ ముగియదు. ఆ మరుసటి పొద్దున మళ్ళీ పని ఉంటుంది, మళ్ళీ అదే మొర ఉంటుంది. క్రైస్తవ జీవితంలో ఆధారపడటం ఆపద రోజు మొక్కుకునే మొక్కు కాదు, రోజూ ఉండాల్సిన నడవడి.

బూడిదలో దొరికినవి

మంట మర్నాడు, గురువారం పొద్దున్నుంచే వార్డ్ మనుషులను పెట్టి శిథిలాలు తవ్వించాడు. పక్క గదిలో ఉండడం వల్ల అచ్చుయంత్రాలకు ఏమీ కాలేదు. కరిగి ముద్దకట్టిన సీసం టన్నుల లెక్కన దొరికింది. దానికంటే విలువైనవి ఉక్కు పంచ్‌లు. అక్షరం పోత పోయాలంటే ముందు ఉక్కు ముక్క కొస మీద ఆ అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి మీద కొట్టి అచ్చు దింపాలి. ఆ అచ్చులో సీసం పోయాలి. పంచ్ చెక్కడమే అన్నిటికంటే కష్టం, దానికే నెలలు పడుతుంది. ఆ పంచ్‌లు బూడిద కింద చెడకుండా దొరికాయి. మిషన్‌కే చెందిన గోదాము ఒకటి దగ్గర్లో ఖాళీగా ఉంటే పని అందులోకి మార్చారు. దొరికిన సీసాన్నే మళ్ళీ కరిగించి రాత్రింబవళ్ళు అక్షరాలు పోశారు.

రాతప్రతులు మాత్రం తిరిగి రావు. కేరీకి అప్పటికి యాభై నిండాయి. ఒకసారి నడిచిన దారిలో రెండోసారి నడక సులువవుతుందని రాసి, ఆయన మొదటి నుంచి మొదలుపెట్టాడు. కాలిపోయిన తెలుగు వ్యాకరణం 1814లో పుస్తకమై వచ్చింది. 1818లో సెరంపూర్ తెలుగు కొత్త నిబంధన అచ్చయింది.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఆ తెలుగు అనువాదం నిలవలేదు. భాష తెలుగువాళ్ళ నోటికి పట్టలేదు. తర్వాత తెలుగునేలనే ఉండి పనిచేసినవాళ్ళ అనువాదాలు వచ్చి దాని స్థానం తీసుకున్నాయి. ఈ రోజు ఏ గుడిలోనూ దాన్ని చదవరు. అంత కష్టపడి, కాలితే మళ్ళీ కష్టపడి చేసిన పని చివరికి పక్కకు పోయింది. తన పేరు నిలవడం కోసమే చేసి ఉంటే ఇది ఓటమే. పని దేవునిదనుకుంటే, తర్వాత వచ్చినవాడు ఇంకా బాగా చేయడం సంతోషించాల్సిన విషయం. మనం నిజంగా ఎవరి బలం మీద నిలబడ్డామో తేలేది ఇలాంటి చోటే. మన తర్వాత వచ్చినవాడు మనకంటే బాగా చేస్తుంటే మన మనసు ఎలా ఉందో చూసుకుంటే చాలు.

విశాఖపట్నం సంగతి కూడా చెప్పాలి. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషన్ వాళ్ళు అక్కడికి చేరారు. ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. 1809లో క్రాన్ చనిపోయాడు, 1810లో డి గ్రాంజెస్ పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు మిగిలాయి. వాటిని సెరంపూర్ ప్రెస్సు 1812లో అచ్చేసింది. రాసినవాళ్ళు ఆ పుస్తకాన్ని కళ్ళతో చూడలేదు.

తోడు వచ్చిన చేతులు

‘నా బలం కాదు’ అని నమ్మినవాడు పక్కవాడి చెయ్యి పట్టుకోవడానికి నామోషీ పడడు. సెరంపూర్‌లో అక్షరాలు చెక్కింది ఇంగ్లండువాళ్ళు కారు. పంచానన్ కర్మకార్ అనే బెంగాలీ కమ్మరి ఆ విద్య తెచ్చాడు. ఆయన పోయాక అల్లుడు మనోహర్ దశాబ్దాల తరబడి ఆ పని నడిపాడు. కేరీకి సంస్కృతం, బెంగాలీల్లో దారి చూపినవాళ్ళలో ముఖ్యుడు మృత్యుంజయ విద్యాలంకార్. ఆయన క్రైస్తవుడు కాడు. దేవుని సాయం కోసం ప్రార్థించిన మనిషికి ఆ సాయం ఒక పండితుడి నోటి మీదుగా, ఒక కమ్మరి వేళ్ళ మీదుగా వచ్చింది. ప్రార్థనకు జవాబు ఆకాశం నుంచే ఊడిపడాలని చూసేవాళ్ళు ఇంటి గుమ్మంలో నిలబడ్డ మనిషిని గుర్తుపట్టరు.

డబ్బు విషయంలో కూడా ఆయన తీరు అదే. ఫోర్ట్ విలియం కాలేజీలో మొదట నెలకు 500 రూపాయలు, ప్రొఫెసర్ అయ్యాక 1,000 రూపాయలు వచ్చేవి. ఆ కాలానికి అది పెద్ద జీతం. తన ఖర్చులకు కొంచెం ఉంచుకుని మిగతాదంతా మిషన్ ఉమ్మడి ఖాతాలో వేసేవాడు. వార్డ్, మార్ష్‌మన్ కూడా అంతే. ఎవరి సంపాదన వాళ్ళదే అనుకుని ఉంటే ఆ అచ్చు కార్యాలయం పుట్టేదే కాదు.

దేవుని బలాన్ని నమ్మేవాడు లోకంలోని అన్యాయాన్ని చూస్తూ ఊరుకుంటాడన్నదీ అపోహే. సతీసహగమనాన్ని ఆపాలని కేరీ ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చాడు. 1829 డిసెంబరులో గవర్నర్ జనరల్ బెంటింక్ దాన్ని నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు బెంగాలీలోకి మార్చమని ఆ కాగితం కేరీ దగ్గరికి ఆదివారం పొద్దున వచ్చింది. ఆ రోజు ప్రసంగం ఇంకొకరికి అప్పజెప్పాడు. ఒక్క గంట ఆలస్యమైనా ఎక్కడో ఒక ఆడబిడ్డ చితి మీదకు వెళ్తుందని పండితుణ్ణి పిలిపించి కూర్చుని, పొద్దుగూకేలోగా అనువాదం పూర్తి చేశాడు. ఆదివారం ప్రసంగాన్ని అంత ముఖ్యంగా చూసే మనిషి దాన్ని వదిలి చేసిన పని అది. నా దృష్టిలో అది కూడా ఆరాధనే.

బౌబజార్ నుంచి ఒంగోలుకు

కోల్‌కతా బౌబజార్ వీధిలో పాత చర్చి ఒకటుంది. సెరంపూర్ మిషన్ వాళ్ళు లాల్‌బజార్ చాపెల్ అని 1809లో తెరిచారు. ఇప్పుడు కేరీ బాప్టిస్ట్ చర్చి అంటారు. పక్కనే ట్రాఫిక్, ఫర్నిచర్ షాపులు, నగల దుకాణాలు. ఒంగోలు బాప్టిస్టులు కోల్‌కతా వస్తే తప్పకుండా చూడాల్సిన చోటు అది.

సెరంపూర్ కాలిపోయిన ఏడాదే, 1812 జూన్‌లో, అదోనిరామ్ జడ్సన్, ఆయన భార్య ఆన్ అమెరికా నుంచి కలకత్తాలో దిగారు. వాళ్ళను పంపింది బాప్టిస్టులు కారు. బాప్తిస్మం గురించి ఓడలో వస్తూ చదువుకున్న చదువు వాళ్ళ మనసు మార్చింది. సెప్టెంబరులో ఆ లాల్‌బజార్ చాపెల్‌లో వార్డ్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత బర్మా వెళ్ళిపోయారు. తమకు బాప్టిస్టు మిషనరీలున్నారన్న కబురు విని అమెరికా బాప్టిస్టులు 1814లో విదేశీ మిషన్ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘమే 1835లో శామ్యూల్ డేను తెలుగువాళ్ళ దగ్గరికి పంపింది. 1840లో ఆయన నెల్లూరు చేరాడు.

నెల్లూరులో ఏళ్ళు గడిచినా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. మిషన్ మూసేద్దామని అమెరికాలో పదేపదే చర్చలు జరిగాయి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌లో పనిచేసే లైమన్ జూయెట్, ఆయన భార్య, వాళ్ళతో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి కింద కనబడే పల్లెల కోసం ప్రార్థించారు. మా ఊరివాళ్ళు ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. 1866లో అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1876లో మొదలైన మహాకరువులో ఆయన బైబిలు చేత పట్టుకుని ఓదార్పు మాటలు చెప్తూ తిరగలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. కరువు పని సాగినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం చేరారన్న మాట ఎవరికీ రాకూడదన్నది ఆయన పట్టుదల. కరువు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మా పెద్దలు ఆ కాలువ పనిలో మట్టి గంపలు మోశారని మా నాయన చెప్పేవాడు. మాలో చదువు ఆ తరం తర్వాతే మొదలైంది. లాల్‌బజార్ చాపెల్‌లో నీళ్ళలోకి దిగిన జడ్సన్‌కు ఒంగోలు అనే ఊరుందని కూడా తెలిసి ఉండదు. మంటలతో పోరాడి ఆరు నెలలు తిరక్కుండానే ఆ బాప్తిస్మం ఇచ్చిన వార్డ్‌కూ తెలిసి ఉండదు. వాళ్ళు ఆ రోజుకు ఆ రోజు చేయాల్సింది చేశారు. దాన్ని అక్కడి నుంచి మా పల్లె దాకా తెచ్చిన బలం వాళ్ళది కాదు. విశ్వాసం గురించి నన్ను ఎవరు అడిగినా ముందు ఈ దారే చెప్తాను.

మందులు మానమని ఏ వాక్యమూ చెప్పలేదు

కేరీ ఇంట్లో ఒక చీకటి గది ఉండేది. ఆయన భార్య డొరోతీ ఇండియా రావడానికి మొదట ఒప్పుకోలేదు. చివరికి చంటిబిడ్డతో బయల్దేరింది. వచ్చిన మరుసటి ఏడాది, 1794లో, ఐదేళ్ళ కొడుకు పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. ఆ దెబ్బకు ఆమె మనసు చెదిరిపోయింది, మళ్ళీ కోలుకోలేదు. 1807 డిసెంబరులో చనిపోయేదాకా చాలా కాలం ఆమెను గదిలోనే ఉంచాల్సి వచ్చింది. పక్క గదిలో అనువాదాలు సాగాయి. ఆ రోజుల్లో మానసిక రోగానికి వైద్యమే లేదు. ఆమె పడిన బాధ మీద ‘దేవుని చిత్తం’ అని ముసుగు కప్పడం న్యాయం కాదు. కేరీ కథ చెప్పే ప్రతివాళ్ళూ డొరోతీ కథ కూడా చెప్పాలి.

ఇప్పుడు వైద్యం ఉంది. ఉండి కూడా మన సంఘాల్లో కొన్నిచోట్ల విశ్వాసముంటే మందులెందుకని అనేవాళ్ళున్నారు. షుగరు మాత్రలు మానేసి కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను, మనోవ్యాధి మందులు ఆపేసి ఇల్లొదిలి పోయినవాళ్ళను నేను చూశాను. దేవుని బలం పేరు చెప్పి మనిషిని వైద్యుడి దగ్గరికి వెళ్ళనివ్వకపోవడం విశ్వాసం కాదు, హింస. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. పౌలు తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బుకు ఏం తీసుకోవాలో కూడా రాశాడు.

మా ఆవిడకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఫిజియోథెరపీ చేయించడానికి ఒక బెంగాలీ అమ్మాయి వచ్చేది. నేర్పిన కసరత్తు చాలా చిన్నది. బల్ల మీద పెట్టిన చెయ్యిని ఎత్తి, స్టీలు గ్లాసును తాకి, మళ్ళీ దించాలి. మా ఆవిడ ప్రతిసారీ కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది, ఆ తర్వాతే చెయ్యి ఎత్తేది. వేళ్ళు వణికేవి, మోచెయ్యి బల్లకు రాసుకునేది, నుదుట చెమట పట్టేది. కొన్నిసార్లు గ్లాసు దాకా పోయేది, చాలాసార్లు పోయేది కాదు.

“ఇంత సేపు ప్రార్థన ఎందుకే, చెయ్యెత్తరాదా?” అన్నాను ఒకరోజు, ఆమె అలసిపోతుందని.

“అడక్కుండా ఎత్తితే ఇది నా చెయ్యే కదండీ, పడిపోతే నాకు ఏడుపొస్తది” అంది. “అడిగి ఎత్తినాననుకో, పడినా మళ్ళీ అడుగుతా, మళ్ళీ ఎత్తుతా. అడిగి కూచుంటే మాత్రం ఎట్ట లేస్తది?”

సెరంపూర్ గురించి నేను చదివిన పుస్తకాలన్నిటిలో ఉన్నది ఈ రెండు ముక్కల్లో ఉంది. ఆ అమ్మాయి నేర్పిన కసరత్తు, డాక్టరు రాసిన మాత్రలు, మా ఆవిడ ప్రార్థన ఒకదాన్నొకటి తోసెయ్యలేదు. ఇప్పుడు ఎడమచేత్తో అన్నం కలుపుకుంటుంది. కుడిచెయ్యి పూర్తిగా రాలేదు. రాకపోయినా ఆమె అడగడం మానలేదు, ఎత్తడమూ మానలేదు.

వెలుగు తెలియనప్పుడు

దేవుని బలం మీద ఆధారపడితే మనసు ఎప్పుడూ ఉత్సాహంగా ఉంటుందని కొందరు చెప్తారు. అది నిజం కాదని చూపించినామె కూడా ఈ నగరంలోనే బతికింది. మదర్ థెరిసా 1948 ఆగస్టులో లొరెటో కాన్వెంటు వదిలి, పట్నాలో కొద్దికాలం వైద్యసేవ నేర్చుకుని వచ్చి, డిసెంబరులో మోతీఝీల్ బస్తీలో నేల మీద కర్రపుల్లతో అక్షరాలు రాసి పిల్లలకు పాఠం మొదలుపెట్టింది. 1950 అక్టోబరు 7న మిషనరీస్ ఆఫ్ చారిటీకి రోము అనుమతి వచ్చింది. 1952లో కాళీఘాట్‌లో నిర్మల్ హృదయ్ తెరిచారు. ఇవి అందరికీ తెలిసినవే.

ఆమె పోయిన పదేళ్ళకు, 2007లో, ఆమె తన ఆత్మీయ గురువులకు రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. వాటిలో ఉన్నది చదివి లోకం విస్తుపోయింది. పని మొదలైన ఆ తొలి ఏళ్ళ నుంచీ ఆమెకు లోపల దేవుని సన్నిధి తెలియడం ఆగిపోయింది. ప్రార్థిస్తుంటే శూన్యం. ఆ స్థితి దశాబ్దాల పాటు సాగింది. అయినా ప్రతి తెల్లవారీ లేచి మోకరించింది, బస్తీలకు వెళ్ళింది. ఆమె గృహాల్లో వైద్యం సరిగా లేదని వచ్చిన విమర్శలు కూడా వినాల్సినవే. నేను వాటిని కొట్టిపారెయ్యను. కానీ ఆధారపడటం ఒక అనుభూతి కాదని, అనుభూతి ఎండిపోయినా అది నిలబడగలదని చెప్పడానికి ఆమె ఉత్తరాలను మించిన సాక్ష్యం నేను చూడలేదు. కూటాల్లో కన్నీళ్ళు రాలేదని, ఒళ్ళు పులకరించలేదని కుమిలిపోయే యువతీ యువకులకు ఈ సంగతి చెప్పండి.

మంటకంటే పెద్ద ప్రమాదం

సెరంపూర్ కాలిపోయిందన్న వార్త ఇంగ్లండు చేరగానే జనం కదిలిపోయారు. మిషన్‌ను ఇంగ్లండు నుంచి నడిపే సంఘం కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ ఆధ్వర్యంలో చందాలు పోగై, రెండు నెలల్లోనే నష్టానికి సరిపడా, దాదాపు 10,000 పౌండ్లు వచ్చాయి. అప్పటిదాకా కేరీ పేరు వినని ఇళ్ళలో కూడా ఆయన పేరు మోగింది. ఫుల్లర్ సంతోషించాడు, భయపడ్డాడు కూడా. ఈ పొగడ్త ధూపాన్ని పీల్చుకుని మత్తులో పడితే దేవుడు తన దీవెన వెనక్కి తీసుకుంటాడనీ, అప్పుడు మన గతి ఏమిటనీ సెరంపూర్ వాళ్ళకు హెచ్చరిక రాశాడు. మంటలో పోయినదాన్ని సీసం కరిగించి మళ్ళీ పోసుకోవచ్చు. పొగడ్తలో పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం అంత తేలిక కాదని ఆయనకు తెలుసు.

కేరీ ఆ హెచ్చరికను చివరిదాకా మరిచిపోలేదు. ఆయన మంచం పట్టినప్పుడు అలెగ్జాండర్ డఫ్ అనే యువ మిషనరీ చూడటానికి వచ్చి ఆయన చేసిన పనుల గురించే మాట్లాడాడట. తాను పోయాక డాక్టర్ కేరీ గురించి మాట్లాడొద్దనీ, కేరీ రక్షకుడి గురించి మాట్లాడమనీ ఆయన డఫ్‌ను కోరాడు. 1834 జూన్ 9న కన్నుమూశాడు. సెరంపూర్ మిషన్ శ్మశానంలో ఆయన సమాధి మీద బిరుదులేవీ లేవు. తాను దిక్కులేని పురుగునని, ప్రభువు చేతుల్లో వాలిపోతున్నానని భావం వచ్చే పాత కీర్తన మాటలు, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. అంతకుమించి ఒక్క అక్షరం చెక్కొద్దని వీలునామాలో రాయించాడు. ఆయన జీవితకాలంలో సెరంపూర్ నుంచి దాదాపు 40 భాషల్లో బైబిలు పూర్తిగానో, కొంత భాగంగానో వచ్చింది.

మన తెలుగునేల మీద ఇప్పుడు గుడులున్నాయి, పాటలున్నాయి, టీవీ చానళ్ళున్నాయి, కూటాలకు వేలమంది వస్తున్నారు. రోడ్డు మలుపుల్లో ఫ్లెక్సీల మీద వాక్యం చిన్నగా, ప్రసంగికుడి ముఖం పెద్దగా ఉంటోంది. నాకు ఏ ఒక్కరి మీదా కోపం లేదు. బాధ మాత్రం ఉంది. దేవుని బలం గురించి బోధించే చోట మనిషి పేరు అంత పెద్దగా ఎందుకు ఉండాలి?

సంఘ పెద్దలకు నా మనవి ఇది. పని ఆయనదని నమ్మితే లెక్కలు తెరిచి చూపించడానికి భయపడక్కర్లేదు. మీకంటే బాగా చెప్పే కుర్రవాడికి వేదిక ఇవ్వడానికి వెనకాడక్కర్లేదు. రోగి మందులు వాడుతున్నాడా అని అడిగి, వాడమని చెప్పి, ఆ తర్వాత తల మీద చెయ్యి వేసి ప్రార్థించండి. వ్యాపారం మునిగినవాడు, పరీక్ష తప్పినవాడు, ఇల్లు కాలినవాడు మీ దగ్గరికి వస్తే వాడి విశ్వాసంలో లోపం వెతక్కండి. వాడితో కలిసి బూడిద తవ్వండి. పనికొచ్చేది ఏం మిగిలిందో చూడండి. మర్నాడు పని మొదలుపెట్టేటప్పుడు పక్కన ఉండండి. వాడు ప్రార్థించి అడిగిన బలంలో కొంత దేవుడు మీ చేతికే ఇచ్చి పంపి ఉండొచ్చు.